గోరువెచ్చని నీళ్ళు

పసిపిల్ల ఒక్కసారిగా కేక పెట్టింది.

ఆస్పత్రిలో పురిటిపిల్లలకి నీళ్ళు పోసే ఆయమ్మకి వాళ్ళ ఏడుపుల్లో తెలియని రకం లేదు. ఆకలి ఏడుపు వేరు, చలి ఏడుపు వేరు, ఎత్తుకున్న చేతులు మారాయని పెట్టే పేచీ వేరు. ఇది వాటిలో ఏదీ కాదు. చటుక్కున పిల్లని పైకి లాక్కుంది. నీళ్ళలో దించింది ఒక్క కుడి మడమే. ముందు మడమ దించి, ఒళ్ళు నీళ్ళకి అలవాటు పడ్డాక నెమ్మదిగా నడుందాకా జార్చడం ఆవిడ పద్ధతి. ఆ మడమ ఎర్రగా కందిపోయింది. చూస్తుండగానే ఎరుపు చీలమండ దాకా పాకింది.

"అయ్యో నా తల్లీ, అయ్యో" అంటూ చన్నీళ్ళ కుళాయి తిప్పి పాదాన్ని ధార కింద పట్టింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. స్నానాల గది తలుపు తోసుకుని పెద్ద సిస్టరు వచ్చింది. వస్తూనే తొట్టిలో వేళ్ళు పెట్టి, పెట్టినంత వేగంగా వెనక్కి తీసుకుంది.

"అమ్మో! ఇవేం నీళ్ళు? కోడిని ముంచితే ఈకలు ఊడొస్తాయి. చూసుకోకుండా దించావా?"

"చూశాను సిస్టర్. గోరువెచ్చగానే ఉన్నాయి."

ఆయమ్మ అబద్ధం చెప్పలేదు. ముంజేతి లోపలి పక్క నీళ్ళలో ముంచి, "ఊఁ" అనుకుని, ఆ తర్వాతే పిల్లని అందుకుంది. పెద్ద సిస్టరు నమ్మింది కూడా. ఆ ఆస్పత్రిలో నీళ్ళ వేడి చూసే గాజుగొట్టం ఒకటి ఉండేది. అది పగిలినప్పుడు కొత్తది తెప్పించాలంటే పిల్లల డాక్టరే నవ్వేశాడు. ఆయమ్మ చెయ్యి ఉండగా అది దండగన్నాడు. బాలింతలంతా ఆవిడవి వెన్నచేతులనేవారు. ఆవిడ నీళ్ళు పోస్తుంటే పిల్ల మధ్యలోనే నిద్రపోతుందని ఒకరికొకరు చెప్పుకునేవారు. అలాంటి చేతుల్ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

తొట్టి చల్లారిపోకుండా వేణ్ణీళ్ళ కుళాయి కొంచెం వదిలి ఉంచడం అక్కడ అలవాటు. ఆయమ్మ చెయ్యి పెట్టి చూశాక ఆ కుళాయిలోంచి సలసల మరిగే నీళ్ళు వచ్చి ఉంటాయని పెద్ద సిస్టరు లెక్క తేల్చింది. వెంటనే బాయిలరు నడిపే మనిషిని పిలిపించింది.

అతన్ని అందరూ ఇంజిను అంటారు. నోరు ఆగదు కాబట్టి ఆ పేరు. ఆయమ్మని అక్కా అని పిలుస్తాడు, పొద్దున్నే స్నానాల గది కిటికీ దగ్గర నిలబడి ఏదో ఒకటి అని ఆవిడని నవ్విస్తాడు. ఈ మధ్య నవ్వినా, దగ్గినా తల వెనక పగిలిపోతున్నట్టు నొప్పి వస్తోంది ఆవిడకి. "నన్ను నవ్వించకురా, నీకు పుణ్యముంటుంది" అంటే, "నా జోకులకి తలనొప్పి రావడం కొత్త కాదక్కా, మా ఆవిడకి పెళ్ళైన మర్నాటి నుంచీ ఉంది" అనేవాడు. ఇప్పుడు మాత్రం మసి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మాటా పలుకూ లేకుండా నిలబడ్డాడు.

"బాయిలరు మీద వేడి చూపించే ముల్లు చూసే నీళ్ళు వదిలావా?" అంది పెద్ద సిస్టరు.

"చూశానండీ. ఎప్పుడూ ఉండే చోటే ఉంది."

"అయితే ఆయమ్మ అబద్ధం చెబుతోందంటావా?"

అతను ఆయమ్మ వైపు చూశాడు. ఆవిడ చేతుల్లో పిల్ల ఇంకా వెక్కుతోంది.

"అక్క అబద్ధం చెప్పదు" అన్నాడు. ఆ మాట అన్నాక నేల వైపు చూస్తూ, "మరి నేనే ముల్లు సరిగ్గా చూడలేదేమో" అన్నాడు.

పైవాళ్ళు సంగతి తేల్చేదాకా బాయిలరు గదిలో అడుగు పెట్టొద్దన్నారు. మొలకి కట్టుకున్న తాళంచెవి తీసి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. బాయిలరు దగ్గర కాపలావాణ్ణి కూర్చోబెట్టారు. ఆయమ్మకి మనసు చివుక్కుమంది. కానీ నీళ్ళు గోరువెచ్చగా ఉన్న మాట నిజమే కదా అనుకుంది.

ఆ సాయంత్రం ఆవిడ కూరలు తరుగుతుంటే భర్త పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆయన బస్సులు బాగుచేసే మెకానిక్కు. ఏ వస్తువు ఎక్కడ దెబ్బతిన్నదో చూడందే ఆయన కళ్ళు ఊరుకోవు.

"ఏంటే ఆ చెయ్యి?"

ఆవిడ చూసుకుంది. కుడి ముంజేతి లోపలి పక్క వరసగా నీటిపొక్కులు లేచి ఉన్నాయి. చుట్టూ చర్మం ఎర్రగా ఉంది.

"ఎక్కడ కాల్చుకున్నావు?"

"తెలీదు."

"తెలీకపోవడమేంటి? ఇంత పొక్కిపోతే మంట లేదూ?"

"లేదు" అంది. అన్నాక చేతిలో కత్తి కింద పెట్టేసింది.

పొక్కులు లేచింది సరిగ్గా నీళ్ళలో ముంచి చూసిన చోటే. పిల్ల మడమని కాల్చిన నీళ్ళు అంతకు ముందే తన చేతిని కాల్చాయి. కుళాయిలోంచి తర్వాత వచ్చిన వేడేమీ లేదు. ముల్లూ తప్పు కాదు, ఇంజినూ తప్పు కాదు. తను నీళ్ళలో చెయ్యి పెట్టింది, చెయ్యి కాలింది, కాలిందని చెయ్యి తనకి చెప్పలేదు.

భర్త ఏదో మందు పూస్తానంటుంటే వినకుండా స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. వేణ్ణీళ్ళలో తువ్వాలు ముంచి పిండి చెంపకి ఆనించుకుంది. చురుక్కుమంది. దవడ కింద పెట్టుకుంటే వేడిగానే ఉంది. మెడ మీదికి దించేసరికి ఆ వేడి ఎవరో ఆర్పేసినట్టు పోయింది. భుజాలు, చేతులు, రొమ్ముల దాకా ఎక్కడ పెట్టినా తడి తెలుస్తోంది, బరువు తెలుస్తోంది, తువ్వాలు నూలు గరుకు కూడా తెలుస్తోంది. వేడి ఒక్కటే లేదు. డొక్కల కిందికి దించగానే మళ్ళీ చురుక్కుమంది. తనకి తెలియకుండా ఎవరో కంటికి కనపడని పొడుగు చేతుల చొక్కా తొడిగి వెళ్ళినట్టుంది. ఆ చొక్కా లోపల ఏం జరిగినా తనకి కబురందదు.

అంత భయం ఆవిడకి ఎప్పుడూ కలగలేదు. చీకట్లో భయపడితే దీపం వేసుకోవచ్చు. తన చేతుల్ని చూసి భయపడితే ఎక్కడికి పారిపోవాలి? ఎప్పటి నుంచి ఇలా ఉంది? నిన్న ఎంతమందిని దించింది? అంతకు ముందు? కాపాడింది ఈ చేతులా, అదృష్టమా?

"లోపల బట్టలుతుకుతున్నావా, నువ్వే నానుతున్నావా?" అని బయటినుంచి భర్త అరిచాడు.

"వస్తున్నా" అంది. గొంతు మామూలుగానే వచ్చింది. ఆయనకి చెప్పలేదు. చెబితే రేపు ఆస్పత్రికి పంపడు. ఆ చేతులకి ఆ పని తప్ప ఇంకోటి రాదు.

మర్నాటి నుంచి ఆయమ్మ కొత్త పద్ధతి కనిపెట్టింది. నీళ్ళు కలిపాక చిన్న గుడ్డముక్క తొట్టిలో ముంచి, చెమట తుడుచుకుంటున్నట్టు చెంపకి అద్దుకునేది. చెంప ఒప్పుకుంటేనే పిల్లని అందుకునేది. బాలింతలకి చూపించడానికి ముంజెయ్యి కూడా ముంచి "ఊఁ" అనేది. దొంగతనం పట్టుబడకుండా సాగుతోంది. కానీ ఒక్కో పిల్లని దించేటప్పుడు ఊపిరి బిగబట్టి, మడమ నీళ్ళకి తగిలాక పిల్ల మొహమే చూస్తూ నిలబడేది. ఏడవకపోతే అప్పుడు ఊపిరి వదిలేది. పని అయ్యేసరికి జాకెట్టు వీపంతా తడిసిపోయేది.

ఇంకా కొన్ని కనిపించసాగాయి. వెతికితే దొరుకుతాయి కాబోలు. పొత్తిగుడ్డకి పిన్నీసు పెడుతుంటే గుడ్డ మీద రక్తపు చుక్క పడింది. పిల్లకి గుచ్చుకుందని హడలిపోయి విప్పి చూస్తే, గుచ్చుకున్నది తన బొటనవేలికి. అది కూడా చెప్పలేదు ఆవిడకి.

మడమ కాలిన పిల్ల తల్లి ఇంకా వార్డులోనే ఉంది. పాదానికి కట్టుతో పిల్ల ఆవిడ ఒళ్ళో పడుకుని ఉంటే, ఆయమ్మ దుప్పటి మార్చడానికి వెళ్ళింది.

"మీరుండబట్టి సరిపోయిందటమ్మా. చప్పున పైకి తీశారట" అంది ఆ తల్లి. "వేరే ఎవరైనా అయితే నా పిల్ల నిలువునా ఉడికిపోయేది. ఆ బాయిలరు వాణ్ణి మాత్రం ఊరికే వదలకూడదు. మా ఆయన ఎంత దూరమైనా వెళతానంటున్నారు."

ఆయమ్మ దుప్పటి అంచు పరుపు కిందికి దోపుతూ, దోపిందే మళ్ళీ దోపుతూ ఉండిపోయింది.

నోరు తెరుద్దామనే అనుకుంది. తెరిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. కన్నతల్లులు తమ పిల్లల్ని తన చేతుల్లోంచి లాక్కుంటారు. వెన్నచేతులన్న నోటితోనే ఇంకేదో అంటారు. చెంప పని చేస్తోంది కదా, ఇంజిను మీద కోపాలు చల్లారాక వాళ్ళే పనిలోకి తీసుకుంటారులే అని తనకి తను సర్దిచెప్పుకుంది. భయం మనిషి చేత ఎన్ని లెక్కలైనా వేయిస్తుంది.

ఆ లెక్క ఎక్కువ కాలం నిలవలేదు. ఒకరోజు పొద్దున స్నానాలకి పిల్లలు ఎక్కువయ్యారు. పక్క గదిలో ఎవరో తొందరపెడుతున్నారు. ఆయమ్మ నీళ్ళు కలిపింది, ముంజెయ్యి ముంచింది, "ఊఁ" అంది, పిల్లాణ్ణి అందుకుంది, వంగింది. మడమకీ నీళ్ళకీ మధ్య వేలెడు దూరం ఉందనగా, తొట్టి మీంచి లేచిన ఆవిరి కళ్ళకి తగిలి రెప్పలు మూసుకున్నాయి.

గుడ్డ చెంపకి అద్దుకోవడం మర్చిపోయింది. పాతికేళ్ళ అలవాటు తోసుకుంటూ వచ్చేసింది.

పిల్లాణ్ణి గుండెకి అదుముకుని అక్కడే నేలమీద కూలబడింది. ఆ పిల్లాడికి ఏమీ తెలియదు, జాకెట్టు గుండీ నోట్లో పెట్టుకోవాలని చూస్తున్నాడు. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి, మిగిలిన పిల్లల్ని ఇంకో ఆయాకి అప్పగించి, ఆయమ్మ ఆస్పత్రి బయటికి వచ్చేసింది.

ఇంజిను ఇల్లు ఒక ఇరుకు సందులో మేడ మీద. తలుపు అతని భార్య తీసింది. అతను గోడకి ఆనుకుని నిలబడి, ఎదురు గోడ మీది గడియారాన్ని ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"రా అక్కా. కూర్చో" అన్నాడు. నవ్వబోయాడు. గడ్డం పెరిగింది. "కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చా. కళ్ళకేం లేదు, శుభ్రంగా ఉన్నాయన్నాడు. దాంతో ఇంకా భయం పట్టుకుంది. కళ్ళు బాగుంటే తేడా బుర్రలో ఉన్నట్టేగా? చూసింది ఒకటీ, చూశాననుకున్నది ఒకటీనా?"

"పొయ్యి ఆర్పాడో లేదో అని ఒకటికి పదిసార్లు వెళ్ళి చూస్తున్నాడు వదినా" అంది భార్య మంచినీళ్ళు తెస్తూ. "తలుపు గడియ పెట్టి, పెట్టానా అని నన్నడుగుతాడు. ఇంత నోరున్న మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో తెలియట్లేదు."

ఆయమ్మ కూర్చోలేదు. కుడిచేతి మీద కప్పుకున్న కొంగు తప్పించి ముంజెయ్యి చాపింది. పొక్కులు పగిలి చర్మం పెచ్చులు కట్టి ఉంది.

ఇంజిను వంగి చూశాడు. బాయిలరు మనిషి, వేణ్ణీళ్ళకి కాలితే ఎలా ఉంటుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇదెప్పటిది?"

"ఆ రోజుదే. పిల్లని దించకముందు చెయ్యి పెట్టి చూసినప్పుడు కాలింది. నాకు వేడి తెలియట్లేదురా. నీ ముల్లు సరిగ్గానే ఉంది. చన్నీళ్ళు చాలినన్ని కలపనిది నేనే."

ముందు అతని మొహం తేలికపడింది. ఎన్నాళ్ళకో ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాడు. ఆ తర్వాత ఇంకో సంగతి తట్టినట్టుంది.

"నీకెప్పుడు తెలిసింది?"

ఆయమ్మకి ఇక్కడైనా అబద్ధం చెప్పాలనిపించింది. "ఆ సాయంత్రమే" అంది.

"ఆ సాయంత్రమే" అన్నాడు అతను. గడియారం వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. "నువ్వు అబద్ధం చెప్పవని అందరి ముందూ నేనే అన్నా. నీ మాట మీద నమ్మకంతో నా కళ్ళనే నమ్మడం మానేశా."

"భయమేసిందిరా..."

"వెళ్ళండి" అన్నాడు. "మీరిక వెళ్ళండి ఆయమ్మగారూ."

భార్య మంచినీళ్ళ గ్లాసు ఇవ్వకుండానే లోపలికి తీసుకుపోయింది. ఆయమ్మ మెట్లు దిగుతుంటే కళ్ళకి దారి కనపడలేదు. తిట్టినా బాగుండును. ఆ 'మీరు' అన్న మాట గుచ్చుకున్నంతగా ఏ సూదీ ఆవిడకి గుచ్చుకోలేదు.

అక్కణ్ణుంచి నేరుగా పెద్ద సిస్టరు దగ్గరికి వెళ్ళింది. సిస్టరు ముందు నమ్మలేదు. "ఊరుకోవమ్మా. ఇంజిను ఇంటికెళ్ళి జాలిపడి వచ్చావు. వాణ్ణి గట్టెక్కించడానికి నెత్తినేసుకుంటున్నావు. నీ చేతులకి వేడి తెలియకపోవడమేంటి?" అని కొట్టిపారేసింది. అయినా పగిలిన పొక్కులు చూశాక, పై అంతస్తులో ఉన్న నరాల డాక్టరమ్మ దగ్గరికి తనే వెంటబెట్టుకు వెళ్ళింది.

డాక్టరమ్మ రెండు గాజుగొట్టాలు తెప్పించింది. ఒకదాంట్లో వేణ్ణీళ్ళు, ఒకదాంట్లో ఐసు నీళ్ళు. "కళ్ళు మూసుకోండి. చేతికి ఆనిస్తాను. వేడో చల్లనో చెప్పండి, అంతే."

ఆయమ్మ కళ్ళు మూసుకుంది. మొదటి గొట్టం చేతికి తగిలింది. నున్నగా, పొడిగా ఉంది. రెండోది తగిలింది. ఇది పైన చెమట పట్టి తడితడిగా ఉంది. ఐసు నీళ్ళ గొట్టానికే కదా చెమట పట్టేది. ఆవిడ చేతులకి ఇంకా ఆ మాత్రం తెలివి ఉంది. పొడిదైతే వేడి, తడిదైతే చల్లన. చెప్పేస్తే ఈ పరీక్ష గట్టెక్కుతుంది. పెద్ద సిస్టరు "చూశారా, నేను చెప్పలా" అంటుంది. రేపు పొద్దున మళ్ళీ తొట్టి, మళ్ళీ పిల్లలు, ఇంకోసారి చెంప మర్చిపోయే పొద్దు.

"తెలీదు డాక్టరమ్మా" అంది. "తడి తెలుస్తోంది. చల్లదనం తెలియట్లేదు."

నవ్వబోతున్న పెద్ద సిస్టరు ఆగిపోయింది. డాక్టరమ్మ మాత్రం ఇప్పుడే కుర్చీ ముందుకి జరుపుకుంది. సూదితో పొడిచింది, దూది రాసింది, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టింది. దగ్గితే తల వెనక నొప్పి వస్తుందా అని అడిగింది. నవ్వితేనో? ఈ మధ్య నడక తూలుతోందా? అడుగుతున్నకొద్దీ ఆయమ్మకి కొత్త భయం మొదలైంది. తను కాలిన పిల్ల సంగతి చెప్పుకుని పని పోగొట్టుకోవడానికి వచ్చింది. ఈవిడ పిల్ల ఊసే ఎత్తడం లేదు.

పెద్ద గొట్టంలాంటి యంత్రంలోకి పంపి మెడ ఫొటోలు తీయించారు. వాటిని అద్దం మీద పెట్టి డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరికీ చూపించింది.

"ఇది మెదడు. దీని కింద తోకలా దిగింది వెన్నుపాము, మీ చిటికెనవేలంత లావుంటుంది. ఒంటి కబుర్లన్నీ దీంట్లోంచే పైకి పోవాలి, మెదడు హుకుములన్నీ దీంట్లోంచే కిందికి రావాలి. తాకితే తెలిసే కబురు ఒక దారిన పోతుంది. వేడి, నొప్పి ఇంకో దారిన పోతాయి, అవి వెన్నుపాము నడిమధ్యలో అడ్డం దాటి అవతలి పక్కకెళ్ళి పైకెక్కుతాయి. సరిగ్గా ఆ దాటే చోట మీకు నీటి గుంట పడింది."

నల్లటి తోక మధ్యలో తెల్లగా, పొడుగ్గా గీత ఉంది. అదే తన చొక్కా అనుకుంది ఆయమ్మ.

"నిప్పు తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది కదమ్మా. నాదెందుకు రాలేదు?"

"మామూలుగా మెదడుని అడక్కుండా వెన్నుపామే లాగేస్తుంది. మీ గుంట పెరిగి అక్కడికీ పాకింది. లాగమని చెప్పేవాళ్ళే లేరు."

"నీళ్ళెక్కణ్ణుంచి వచ్చాయి?" అన్నాడు భర్త. ఏ యంత్రమైనా కారుతోందంటే ఆయన అడిగే మొదటి ప్రశ్న అదే.

మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ నీళ్ళు తిరుగుతూ ఉంటాయనీ, ఒంటి తూకం చూసే చిన్నమెదడు కొస కిందికి జారి మెడ దగ్గర ఆ నీళ్ళ దారి మూసిందనీ, దారిలేని నీళ్ళు లోపలికి తొలిచాయనీ డాక్టరమ్మ చెప్పింది. తల వెనక ఎముక కొంచెం తీసి ఆ దారి తెరవాలి. ఊపిరినీ గుండెనీ నడిపించే భాగం ఆ పక్కనే ఉంది కాబట్టి చిన్న ఆపరేషనని అనలేనంది.

"చేయిస్తే మళ్ళీ వేడి తెలుస్తుందా?"

"మాటివ్వలేను. పోయింది తిరిగి రాకపోవచ్చు. ఉన్నది పోకుండా ఆపడానికే ఇది. ఊరుకుంటే కాళ్ళకి పాకుతుంది. మీరు ఇవాళ కాకుండా ఇంకో ఏడాదికి వచ్చి ఉంటే నడిచి వచ్చేవారు కాదు."

ఆయమ్మ భర్త వైపు చూసింది. ఏ బండి ఇంజను విప్పినా చెయ్యి వణకని మనిషి, కుర్చీ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

ఆపరేషను ముందురోజు మధ్యాహ్నం ఆవిడ మంచం మీద ఒక్కతే ఉంది. వెనక జుట్టు గొరిగేశారు. భర్త మందులకి వెళ్ళాడు. మడమ కాలిన పిల్ల తల్లికి అంతకు ముందే పెద్ద సిస్టరుతో వెళ్ళి జరిగింది చెప్పింది ఆయమ్మ. ఆ తల్లి పిల్లని అటు తిప్పేసుకుంది. ఇంజినుకి తాళంచెవి తిరిగి ఇచ్చారు. మంచి జరిగింది కదా అని ఎంత చెప్పుకున్నా, రేపు తన తల వెనక ఎముక తీస్తారన్న మాట దగ్గరికొచ్చేసరికి ఊపిరి తీస్తున్నానా లేదా అని తనే చూసుకుంటోంది.

తలుపు దగ్గర చప్పుడైంది. పానా పట్టుకుని ఇంజిను నిలబడి ఉన్నాడు.

"ఈ గదిలో వేణ్ణీళ్ళ పైపు కారుతోందన్నారు" అన్నాడు. పైపు కారడం లేదు. దాని దగ్గరికి వెళ్ళి చూసి, వెనక్కి వచ్చాడు.

"నాకు కోపం ఇంకా పోలేదు" అన్నాడు.

"పోనక్కర్లేదులే."

"మా ఇంట్లో ఆవిడకి నాకన్నా ఎక్కువుంది."

ఆయమ్మ తలూపింది. కాసేపటికి, "భయంగా ఉందిరా" అంది. ఇన్నాళ్ళలో ఆ మాట భర్తతో కూడా అనలేదు. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పానా కింద పెట్టాడు.

వార్డు మనిషి వచ్చి స్టీలు గ్లాసుతో టీ బల్లమీద పెట్టి వెళ్ళాడు. ఆయమ్మ చెయ్యి చాపింది. అంతలో అతను గ్లాసు లాక్కున్నాడు. అంచు పట్టుకుని, వేళ్ళు మార్చి, మళ్ళీ మార్చాడు.

"ఆగండి" అన్నాడు. "కాలుతోంది."

ఆవిడ చాచిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. అతను గ్లాసుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ మెల్లగా ఊదుతున్నాడు. అతను చెప్పేదాకా ఆయమ్మ అలాగే కూర్చుంది.